సంపమ్మ ఉపవాసం

ఆదివారం. నీళ్ళు తేట.

ఈ చిట్టాలో నీళ్ళ రంగు, వాసన తప్ప వేరే ముచ్చట రాయకూడదని మా గని పెద్ద సర్దారు ఆగయ్య హుకుం. సంపు కాపలాకు వచ్చిన నాటి నుంచి అలాగే రాస్తున్నాను. ఇవాళ మాత్రం వినను. మా ముసలాయన ఓదెలు కాలు వాచింది. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

ముందు నీళ్ళ సంగతి. తేటగా ఉన్నాయి. పొద్దటి సైరన్ మోగగానే మా గ్యాలరీ సొరంగంలోని ఇళ్ళన్నింటి నుంచీ తొలిముద్దలు వచ్చాయి. గటక ఉడికాక ఎవరి నోట్లోకీ పోకముందు ఒక ముద్ద సంపులో పడాలి. పైన ఎండకు మనిషి నిలవలేక మా అమ్మమ్మలు ఈ పాత బొగ్గుగనుల్లోకి దిగినప్పటి నుంచీ ఇదే ఆచారం. వాన అనేది నేను వాళ్ళ నోట విన్నదే గాని చూసింది కాదు. మేము ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, ఒంటేలు, దొడ్డి, అన్నీ కాలువ వెంట సంపులోకే వస్తాయి. అందులో కంటికి కనపడని సన్న పురుగులు కోట్లకొద్దీ ఉన్నాయి. అవి మా మురికి తిని, నీళ్ళను తేట చేసి, తిరిగి మా బిందెల్లోకి పంపుతాయి. అందుకే మాకది సంపు కాదు, సంపమ్మ.

"నువ్వు కట్టుకున్నది నన్ను, కాపురం చేసేది సంపుతోని" అని ఓదెలు పెళ్ళైన కొత్త నుంచీ దెప్పుతూనే ఉన్నాడు. సంపులో ముద్ద పడేదాకా ఆయనకు నేను గటక పెట్టను మరి.

నిన్న గనికి గాలి పంపే పెద్ద ఫ్యాను బాగుచేయబోతే బోల్టు గీరుకుని మోకాలి కింద చర్మం లేచింది. ఎవరికీ చెప్పకుండా పాత గుడ్డ చుట్టుకుని ఇంటికి వచ్చాడు. ఏమైందని అడిగితే "ఏం గాలే, దోమ కుట్టింది" అన్నాడు. మా గనిలో దోమలే లేవు.

సోమవారం. నీళ్ళు తేట.

మంచం కోళ్ళు టకటకలాడేలా వణికాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పక్క గ్యాలరీ నుంచి డాక్టర్ నుస్రత్ వచ్చింది. నా మనవరాలి వయసు పిల్ల, నన్ను అవ్వా అంటుంది. కాలి మీద ఎర్రబడిన మేర చుట్టూ పెన్నుతో గీత గీసి, సాయంత్రంలోగా ఎరుపు గీత దాటితే కబురు చేయమంది. మధ్యాహ్నానికే దాటింది. అప్పటికి మా ఆయన నన్ను గుర్తుపట్టడం లేదు. ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళ అక్కను పిలిచి, ఫ్యాను బెల్టు సాగింది చూడమంటున్నాడు. నుస్రత్‌ను మళ్ళీ పిలిపించాను.

"రక్తంలకు పోయిందవ్వా," అంది నుస్రత్. "గోలీలతోని అయ్యేది కాదు. సెఫ్ట్రియాక్సోన్ అని సూది మందు ఉంటది. పైన మందుల గోదాముకెల్లి తెప్పించాలె."

పురుగుల్ని చంపే మందు గనిలోకి దిగకూడదని మా కట్టుబాటు. మా బతుకే పురుగుల మీద ఆధారపడింది, ఇక ఎందుకో వేరే చెప్పాలా? ఇద్దరం సర్దారు దగ్గరికి పోయాం. ఆగయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఓదెలన్న బుజాల మీద ఆడుకున్నోన్ని వదినా, అద్దని నేనెట్లంట? తెప్పియ్యుండ్రి. కని ఆయన ఒంట్లకెల్లి అచ్చింది ఒక్క సుక్క సంపుల వడద్దు. గది సూస్కునుడు నీ జిమ్మ."

పైకీ కిందికీ తిరిగే కేజ్‌లో మందు సాయంత్రానికి దిగింది. చిన్న సీసాలో తెల్లటి పొడి. నుస్రత్ అందులో శుభ్రమైన నీళ్ళు కలిపి కదిపితే లేత పసుపు రంగు తిరిగింది. మొదట కాస్త ఇచ్చి, దద్దుర్లు గానీ ఆయాసం గానీ వస్తాయేమో కనిపెట్టింది. రాలేదు. తర్వాత నరంలోకి మెల్లగా ఎక్కించడం మొదలుపెట్టింది. నేను ఊరుకునే మనిషిని కాను. అదేం చేస్తుందో చెప్పమన్నాను.

"నులక మంచం అల్లెటిది నీకు ఎరుకే గద అవ్వా. పురుగు ఒంటి చుట్టూ ఒక గోడ ఉంటది. అది కూడ నులక మంచం లెక్కనే అల్లిన వల. అడ్డం పోగులు, నిలువు పోగులు, నడుమ ముడులు. పురుగు పెరుగుతున్నకొద్ది కొత్తగ అల్లుకుంట పోవాలె. ఆ ముడులు వేసెటందుకు దానికి చేతుల అసొంటివి ఉంటయి. ఈ మందు అచ్చం ముడెయ్యాల్సిన పోగు కొస లెక్క కనవడుతది. చెయ్యి దాన్ని పట్టుకుంటది. పట్టుకుంటే ఇగ ఊడది, అంటుకుపోతది."

"ముడి వడకపోతే?"

"వల వదులైతది. లోపటి ఒత్తిడికి పురుగు ఉబ్బి పగులుతది."

"మా ముసలోడు పగులడు గద బిడ్డా?"

నుస్రత్ నవ్వింది. మన ఒంట్లోని కణాలకు పలచటి పొర తప్ప గోడ లేదని, అల్లే చేతులు అసలే లేవని, అందుకే మందు మన జోలికి రాకుండా పురుగు మీదికే పోతుందని చెప్పింది. అంత జ్వరంలోనూ ఓదెలు చెవికి ఈ మాట చేరింది.

"నాకు గోడ లేదా? గీమె గోడ లెక్కనే నిలవడ్డది గద ముందట" అని గొణిగాడు. గీమె అంటే నేనే. గుర్తుపట్టాడు. ఆ గొణుగుడుకే నాకు సగం ప్రాణం లేచి వచ్చింది.

వెళ్ళబోతూ నుస్రత్ ఇంకో మాట చెప్పింది. ఈ మందు పని చేసి లోపలే చచ్చిపోదట. ఒంటేలులో కొంత, పిత్తంతో కలిసి దొడ్డిలో కొంత, బతికున్న మందు బతికున్నట్టే బయటికి వస్తుందట. రెండూ డ్రమ్ములో పట్టి, మూత బిగించి, కేజ్‌లో పైకి పంపాలి. అలాగేనన్నాను.

బుధవారం. నీళ్ళు తేట.

నిన్న రాయలేదు, రాసే ఓపిక లేదు. నిన్నంతా ఎరుపు పైపైకే పాకింది. మందు ఎక్కగానే తగ్గిపోదని, కొంచెం ఓపిక పట్టమని నుస్రత్ అంటూనే ఉంది. ఓపిక పట్టమనడం తేలికే, పక్కన కూర్చుని పట్టేవాళ్ళకు తెలుస్తుంది. ఇవాళ ఎరుపు ఆగింది. జ్వరం కాస్త దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది. మధ్యలో తెలివి లేక పక్క తడిపాడు. తెలివి వచ్చాక సిగ్గుపడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పట్లు ఉతికి ఆరేశాను. డ్రమ్ము పైకి పంపాను.

గురువారం. నీళ్ళు మసక.

పొద్దున సంపులో బిందె ముంచితే అడుగు కనపడలేదు. నా కళ్ళే మసకేమోనని దీపం దగ్గరికి తెచ్చి చూశాను. నీళ్ళే మసక.

కబురు గ్యాలరీ అంతా పాకిపోయింది. సంపమ్మకు నీరసం వచ్చిందని ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరు రెండేసి ముద్దలు తెచ్చారు. ఇంట్లో మనిషి నలతగా ఉంటే ఇంకో ముద్ద తినమని బతిమాలతామే, అలాగే. నేను దాచుకున్న బెల్లం కరిగించి పోశాను. నా చేతులతో నేనే పోశాను.

శుక్రవారం. నీళ్ళు చిక్కన. కుళ్ళు వాసన.

బెల్లం పోసిన చోటే ఎక్కువ కుళ్ళింది. పైన నురగ తేలింది. ఇంకా పెడదామని ముద్దలతో వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని నిలబడ్డారు.

నుస్రత్ ఒక చుక్క తీసి భూతద్దాల యంత్రం కింద పెట్టి చూసింది.

"మన పురుగులు ఉబ్బి పగిలినయవ్వా. తాత మందే ఇది. ఒంటేలు సంపుల వడ్డదా?"

"లేదు. డ్రమ్ముల పోసి పంపుతాన్న."

"మరి దుప్పట్లు?"

మా గనిలో నీళ్ళు వృథా చేయడమంటే అన్నాన్ని కాలితో తన్నడమే. ఉతికిన నీళ్ళు కాలువలోకి వంచడం చిన్నప్పటి నుంచీ నా చేతులకు అలవాటు. డ్రమ్ము విషయంలో అంత జాగ్రత్త పడిన దాన్ని, దుప్పటి పిండిన నీళ్ళు కూడా ఆయన ఒంట్లోంచి వచ్చినవేనని అనుకోనేలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆగయ్య ఇంటికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు, దానికే ఇంకా భయమేసింది.

"సూది ఆపుండ్రి వదినా. నీ అసొంటిదే మర్సిపోయిందంటే, ఇగ ఎవల్ని నమ్మాలె? రేపు ఇంకో సుక్క వడ్డదంటే సంపు పోతది. సంపు పోతే గింతమందిని ఎండలకు తోల్కపోవాల్నా?"

"సగంల ఆపితే తాత బతకడు సర్దార్," అంది నుస్రత్. "మెత్తటి పురుగులు ముందు సచ్చినయి. మొండియి ఇంకా ఉన్నయి. ఆపినమంటే అవ్వే మళ్ళ లేస్తయి."

ఓదెలు అంతా విన్నాడు. సూది పెట్టే చేతిని దుప్పటి కింద దాచేసుకున్నాడు.

"నాకద్దు బిడ్డా. సంపును సంపిన పాపం నాకద్దు. కొమురమ్మా, నువ్వు దాన్నే సూస్కో. నేను మస్తు బతికిన."

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో అంత కోపం ఎన్నడూ రాలేదు. "బతికింది చాలో లేదో నువ్వెవలయ్యా చెప్పెటందుకు? నన్నడిగినవా?" అని కేకలు వేసి, ఆ కేకల్లోనే ఏడ్చేశాను. ఆగయ్య తలుపు దగ్గర నిలబడి నేల చూశాడు. రేపు మధ్యాహ్నం దాకా ఆగుతానని వెళ్ళిపోయాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఆయనా నావాడే, సంపూ నాదే.

శనివారం. నీళ్ళు చిక్కన.

సంపులో ఎంత మిగిలిందో చూడాలని నుస్రత్ నాలుగు మూలల నుంచీ నీళ్ళు తెమ్మంది. తెచ్చాను. ముద్దలు వేసే చోటు నీళ్ళలో అన్నీ పగిలినవే. కాలువ పడే చోట కూడా అంతే. చివరిది పాత పంపు దిమ్మ వెనక మూల. అక్కడికి చెయ్యి దూరడమే కష్టం. మేము వేసే ముద్దలు అక్కడికి చేరవు, మురికీ అంతగా చేరదు.

"ఇవి బతికే ఉన్నయి!" అంది నుస్రత్. మళ్ళీ చూసింది. "చిన్నగ ముడుసుకొని ఉన్నయి, కని ఒక్కటి పగులలే. మందు అక్కడికి పోలేదా?"

"నీళ్ళు అంతట తిరుగుతయి బిడ్డా. మందు పోకుంట ఎట్లుంటది? పోనిది బువ్వనే."

ఆ పిల్ల నన్ను చూస్తూ ఉండిపోయింది. తర్వాత గబగబా చెప్పింది. తిండి లేని పురుగు పెరగదు. పెరగని పురుగుకు కొత్త గోడ అక్కర్లేదు. అల్లడం ఆపేసి పడుకున్న పురుగుకు ఈ మందు చుట్టూ ఉన్నా పెద్దగా ఏమీ కాదు, పట్టుకుందామంటే చేతులు కదలడం లేదు కదా. మేము ముద్ద వేసినకొద్దీ సంపులోవి తిన్నాయి, పెరిగాయి, అల్లబోయాయి, పగిలాయి. రెండు ముద్దలు వేస్తే రెండింతలు పగిలాయి. నా బెల్లం సంగతి నుస్రత్ ఎత్తలేదు. నేనే లెక్క వేసుకున్నాను.

"సంపును పండవెట్టాలె అవ్వా. ముద్ద లేదు, మురికి లేదు. ఏది వెయ్యద్దు. ఈ వేడికి నీళ్ళల్ల ఉన్న మందు కొన్ని రోజులకు అదే విరిగిపోతది. అప్పటిదాక ఉపవాసం."

"మా ముసలోని సూది?"

"నడుస్తది. దుప్పట్లు ఉతకద్దు, డ్రమ్ముల వేసి పైకి పంపు."

ఆగయ్యకు ఇద్దరం చెప్పాం. ఆయన ఆ మూల నీళ్ళు తానే యంత్రంలో చూశాడు. ఏం కనపడిందో ఏమో, లేచి నిలబడి "సూది నడువనియ్యుండ్రి" అన్నాడు. ఎండ తీవ్రమైన రోజుల కోసం దాచిన తొట్టి నీళ్ళు ఇళ్ళకు పంచమన్నాడు. వాడిన నీళ్ళు ఎవరింట్లో వాళ్ళు డ్రమ్ముల్లో పట్టుకోవాలన్నాడు.

చేయి చాపమని ఓదెలుకు నేనే చెప్పాను. చాపలేదు. దుప్పటి లాగి, చేయి పట్టుకుని కూర్చున్నాను. సూది అయ్యేదాకా వదల్లేదు.

ఆదివారం. నీళ్ళు చిక్కన. ఉపవాసం.

పొద్దటి సైరన్ మోగగానే చీపురు పట్టుకుని సంపుకు అడ్డం నిలబడ్డాను. నిన్న చాటింపు వేసినా ముద్దలతో వచ్చేశారు. రావద్దంటే ఆగే కాళ్ళు కావు. "బీమారైన తల్లి కడుపు ఎండవెడతవా?" అని ఒకామె నా మొహం మీదే అంది. నిజానికి నా కడుపూ అదే మాట అంటోంది. ఆకలిగా ఉన్న దాని ముందు ఖాళీ చేతులతో నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

"పెడితే సస్తదమ్మా," అన్నాను. "పెట్టకుంటెనే బతుకుతది. నేను బెల్లం వోసి ఎట్ల సంపిన్నో, మీరు సూసిండ్రు."

ఆగయ్య కూడా ముద్ద పట్టుకునే వచ్చాడు, పొద్దటి అలవాటు. నా చీపురు చూశాడు, చేతిలో ముద్ద చూసుకున్నాడు. ఏం చేయాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి తన నోట్లో పెట్టుకున్నాడు. నమలలేక నమిలాడు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ తమ ముద్దలు తామే తిన్నారు.

మంగళవారం. నీళ్ళు చిక్కన. ఉపవాసం.

గ్యాలరీ కంపు కొడుతోంది. ఇంటింటా డ్రమ్ములు నిండాయి. వస్తూ పోతూ తిట్టేవాళ్ళు తిడుతున్నారు. తిట్టనీ.

ఓదెలు కాలి మీది ఎరుపు పెన్ను గీత లోపలికి వచ్చింది. జ్వరం లేదు. కాని ఎప్పుడు చూసినా నిద్రే. ఒళ్ళు అలిసిందని, పడుకోనిమ్మని నుస్రత్ అంటోంది. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నాను. అక్కడి నుంచి సంపు దగ్గరికి పోయి నీళ్ళు చూస్తున్నాను. సంపుకు ముక్కు లేదు. పడుకుందో పోయిందో ఎలా తెలుస్తుంది? నాకు భయంగా ఉంది.

గురువారం. నీళ్ళు కొంచెం పలచన. ఉపవాసం.

నిన్నటితో వేయాల్సిన సూదులన్నీ అయిపోయాయి. నుస్రత్ కాలు నొక్కి చూసి, వేళ్ళు ఆడించమంది. ఓదెలు ఆడించి, "డాన్సు గూడ చెయ్యాల్నా?" అన్నాడు.

సంపుకు మాత్రం ముద్ద పెట్టే ధైర్యం చాలలేదు. మందు ఇంకా మిగిలి ఉంటే, తొందరపడి పెట్టిన ముద్దకే మూలన మిగిలినవీ పోతాయి. అందుకని ముందు గిన్నెడు సంపు నీళ్ళు తీసి, అందులో వేలి కొసంత గటక వేసి మూత పెట్టాం. పోతే ఆ గిన్నెడే పోతాయి. రేపటిదాకా చూడాలి.

శుక్రవారం. నీళ్ళు పలచన.

నుస్రత్ గిన్నెలో చుక్క తీసి యంత్రం కింద పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఒక్కటి పగులలే అవ్వా. ఒక్కోటి రెండైతానయి. ఇటు రా, చూడు."

చూశాను. నాకు మసకగా ఏవో సన్నటి పుల్లలు కనపడ్డాయి. ఒకటి నడుమ సన్నబడి రెండుగా విడిపోబోతోంది. నేను నుస్రత్‌ను పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఆ పిల్ల మొహమంతా నా కన్నీళ్ళే.

జ్వరం పడ్డవాళ్ళకు పెట్టినట్టు మొదట పలచటి గంజి, అదీ గరిటెడు. కాలువ ఇంకా తెరవలేదు. తేట కావడానికి నెల పట్టవచ్చని నుస్రత్ అంది. పట్టనీ.

ఇంటికి వచ్చేసరికి ఓదెలు మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"సంపు బతికిందా?"

"బతికింది."

"మరి ఇన్ని రోజులు ఏడ్సినవ్ గద, ఎవలి కోసం ఎక్కువ ఏడ్సినవ్? నిజం చెప్పు. దాని కోసమా, నా కోసమా?"

ఎప్పటి ఎకసెక్కమే. ఎప్పటిలా ఏదో ఒకటి అని తిప్పికొడదామనుకున్నాను. కాని నిజమే నోట వచ్చింది.

"నీ కోసమే," అన్నాను. "సంపు సత్తె ఎండలకు పోదుము, ఎట్లనో బతుకుదుము. నువ్వు పోతే నేను ఎటు పోదును?"

ఆయన చాలాసేపు తన కాలు చూసుకున్నాడు, అక్కడేదో కొత్తగా కనపడినట్టు.

"గా మాట నీ చిట్టాల రాయి."

"అండ్ల నీళ్ళ ముచ్చట తప్ప రాయద్దని సర్దారు హుకుం."

"రాయవే. సర్దారు సదువుకోనీ."

రాశాను.